డేరాలో నలుగురు

1652 సెప్టెంబరులో ఒక ఉదయం గండికోట దగ్గర నవాబు మీర్ జుమ్లా డేరా వాకిట్లోకి నలుగురు ముద్దాయిలను తెచ్చి నిలబెట్టారు. లోపల నవాబు ఉత్తరాలు చూసుకుంటున్నాడు. కాళ్లకు ఏమీ లేవు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి దగ్గరిది, ఒకసారి చేతిలోది లాగి చూసి, దానికేం జవాబు రాయాలో చెబుతున్నాడు. చెరోపక్కా కూర్చున్న రాయసగాళ్లిద్దరూ రాస్తున్నారు. రాసినదాన్ని పైకి చదివించుకుని విని, తన చేత్తోనే ముద్ర వేసి, కొన్ని కాలినడక వేగులకు, కొన్ని గుర్రపు రౌతులకు ఇచ్చి పంపుతున్నాడు.

ముద్దాయిలు వచ్చారని కబురు చెప్పారు. నవాబు పలకలేదు. అరగంటకు పైగా ఉత్తరాల్లోనే ఉండిపోయాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి లోపలికి తెమ్మన్నాడు. ప్రశ్నలు వేశాడు. చేసిన నేరాన్ని వాళ్ల నోటితోనే ఒప్పించాడు. మళ్లీ మాట లేదు. ఇంచుమించు ఇంకో గంట ఉత్తరాలే. ఆ గంటలో సైన్యాధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వంగి సలాములు చేస్తుంటే తల కాస్త వంచి ఊరుకున్నాడు. నలుగురూ అట్లాగే ఉన్నారు.

తర్వాత తీర్పు. ఒకడు ఒక ఇంట్లో దూరి తల్లినీ, ముగ్గురు పసిబిడ్డలనూ చంపినవాడు. వాడి కాళ్లూ చేతులూ నరికి, ప్రాణం పోయేదాకా రహదారి పక్క పొలంలో పడేయమన్నాడు. ఇంకొకడు దారిదోపిడీ చేసినవాడు. వాడి పొట్ట చీల్చి పారేయమన్నాడు. మిగిలిన ఇద్దరికీ తలలు తీయించాడు. ఇదంతా జరుగుతుండగానే భోజనం వచ్చింది. నవాబు మామూలుగా పది గంటలకే తింటాడు. ఎదురుగా కూర్చుని చూస్తున్న పరదేశీ వర్తకుణ్ని కూడా తనతో పాటు కూర్చోబెట్టుకుని తిన్నాడు.

ఆ వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తవెర్నియే. 1605లో పారిస్‌లో పుట్టినవాడు, రత్నాల వ్యాపారి. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్ముకోవాలని వచ్చాడు. విలువైన సరుకేదైనా సుల్తాను కంటే ముందు మీర్ జుమ్లా కంట పడాలి, అందుకని దక్షిణాన ఉన్న నవాబును వెతుక్కుంటూ గండికోట దాకా వెళ్లాడు. కొండ మీదికి ఎక్కే దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే ఉందనీ, పక్కన చూస్తే గుండె జారే లోయ అనీ, దాని అడుగున పెద్ద నది పారుతోందనీ రాశాడు. ఎర్రమల కొండలను కోసుకుని పెన్న పోయే ఆ గండిని చూసిన ఎవరైనా ఆ మాటలు ఒప్పుకుంటారు. 1676లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలోనే ఈ డేరా కథ ఉంది. ఈ దేశంలో మనిషిని ఎక్కువ కాలం జైల్లో ఉంచరు, పట్టుకున్న వెంటనే విచారిస్తారు, నేరం చేసివుంటే శిక్ష, లేకుంటే విడుదల, ఏ వ్యవహారమైనా చప్పున తేలిపోతుంది అని కూడా అందులోనే ఉంది.

మీర్ జుమ్లా సామాన్యుడు కాడు. పర్షియాలోని అర్దిస్తాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో పైకొచ్చి, గోల్కొండకు వజీరయ్యాడు. విజయనగర కాలం నుంచి గండికోటను ఏలిన పెమ్మసానివారి చేతుల్లోంచి కోటను లాక్కున్నాడు. మనిషి చురుకుదనాన్ని తవెర్నియే కళ్లారా చూసి రాశాడు, నాకు అందులో అనుమానం లేదు. కానీ అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. నవాబుకు 20 ఫిరంగులు పోతపోయించాలని కోరిక పుట్టింది. గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ పోగు చేయించాడు. పోతపని క్లోద్ మాయ్ అనే ఫ్రెంచివాడిది. మిగతా విగ్రహాలు కరిగాయి, గండికోట గుడిలోని ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదు. కొలిమి చాలలేదా, పనివాడికి పని రాదా అని నవాబు అడగలేదు. అర్చకులు మంత్రం వేశారన్నాడు, వాళ్లను బెదిరించాడు. చివరికి ఆ ఫ్రెంచివాడు ఒక్క ఫిరంగి కూడా పోయలేకపోయాడు, కొలువు మానుకుని పోయాడు. ఆ అర్చకుల మీద నేరం మోపడానికి నవాబుకు ఎంతసేపు పట్టిందో తవెర్నియే రాయలేదు. ఎక్కువసేపు పట్టి ఉండదు.

మూడేళ్లు తిరిగాయి. 1655లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా, మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్‌ను, ఇంటివాళ్లను పట్టి చెరలో వేశాడు. నవాబు అప్పటికే మొగలాయిల అండ చూసుకున్నాడు. విడిచిపెట్టమని షాజహాన్ ఫర్మానా వచ్చింది, 1656 మొదట్లో ఔరంగజేబు సేన హైదరాబాదు మీద పడింది. ఒక కుర్రవాణ్ని చెర విడిపించడానికి ఒక పాదుషా, ఒక సైన్యం కదిలాయి. గండికోట డేరాలో నిలబడిన నలుగురికోసం నోరు విప్పినవాడు ఉన్నాడో లేడో కూడా మనకు తెలియదు.

ఇప్పుడు కోటలోకి పోతే చార్మినారు అని పిలిచే చిన్న కట్టడం దాటగానే ఒక రాతి మేడ చూపించి, ఇది జైలు అంటారు. మందపాటి గోడలు, పైన ఎక్కడో చిన్న చిన్న కిటికీలు. ఆదివారాల్లో ఆ గోడ పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లు బారులు తీరి ఉంటారు. సంక్రాంతి సెలవుల్లో మా అన్న కొడుకు, బెంగళూరులో వాడితోపాటు పనిచేసే ముగ్గురు స్నేహితులు వస్తే కోట చూపించడానికి నేనూ వెళ్లాను. ఆ గోడ నీడలో నిలబడి డేరా కథంతా వాళ్లకు చెప్పాను, పైన రాసిన వరసలోనే.

"గంటన్నరలో నాలుగు కేసులు క్లోజ్!" అన్నాడు మావాడు. "ఇది చిన్నాయనా, మనకు కావాల్సింది."

"తల్లినీ బిడ్డలనూ చంపినోనికి అంతే చెయ్యాల," అన్నాడు ఇంకొకడు. "ఇప్పుడైతే వాణ్ని పదేండ్లు మేపుతారు. బిర్యానీ పెడతారు."

"చటాన్‌పల్లి కాడ చేసిరి గదా, అట్లా," అన్నాడు మూడోవాడు.

ఆ పేరు రాగానే నలుగురి ముఖాల్లోనూ ఒక తృప్తి కనపడింది. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు ముద్దాయిలు పోలీసుల తుపాకులకు చనిపోయారు. ఒక ఆడపిల్లను అతి దారుణంగా చంపిన కేసు అది. ఆ పిల్ల సంగతి విన్న ఏ తల్లికీ తండ్రికీ నిద్ర పట్టని రోజులవి. జనం ఆ చోటికి పోయి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ వేసింది. 2022లో బయటికొచ్చిన ఆ కమిషన్ నివేదిక, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. వ్యవహారం మళ్లీ హైకోర్టుకెక్కింది. పూలు చల్లినప్పుడు చూపించినన్ని సార్లు టీవీలు ఆ నివేదికను చూపించలేదు.

ఈ సంగతి చెప్పాను. మావాడు విన్నాడు గానీ వెనక్కి తగ్గలేదు. "నువ్వు చెప్పేది సరే చిన్నాయనా, కోర్టుల్లో తీర్పు ఎప్పుడొస్తాది? మా ఫ్లాటు బిల్డర్ మింద కేసేసి ఏడేండ్లయింది."

వాడి కోపం న్యాయమైన కోపం. దేశంలోని కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు మూలుగుతున్నాయి. త్వరగా విచారణ జరగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద మనిషి హక్కేనని సుప్రీంకోర్టు 1979లో, హుసేనారా ఖాతూన్ కేసులో చెప్పింది. నాలుగున్నర దశాబ్దాలు దాటింది, ఆ హక్కు ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది. మన సీమవాళ్లకైతే దూరం కూడా తోడు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో రాయలసీమకు రావాలని రాసుకున్నారు. 1953లో రాజధాని కర్నూలుకొచ్చింది, మరుసటేడు హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చింది. కడప జిల్లా మారుమూల పల్లె నుంచి అక్కడికి బెయిలు కోసం పోయే మనిషికి బస్సు చార్జీలు, లాడ్జి, ప్లీడరు ఫీజు అన్నీ కలిపి ఎంతవుతుందో, ఒడంబడిక రాసుకున్న పెద్దలకు తెలియక కాదు. ఇదంతా తెలిసినవాడు డేరా కథ విని ముచ్చటపడితే అతన్ని తప్పుపట్టలేను. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. ముద్దాయి నోటితోనే నేరం ఒప్పించాడంటున్నామే, చుట్టూ కత్తులు పట్టుకున్నవాళ్లు నిలబడి ఉండగా ఏ నోరు ఏం ఒప్పుకోదు? పోలీసు ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యంగా పనికిరాదని మన చట్టం అందుకే రాసుకుంది. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోవాలన్నా, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకుంటే అది నీకే చుట్టుకుంటుంది అని ముందు ఆయన చెప్పాలి, ఆలోచించుకోవడానికి సమయమివ్వాలి. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదు. ఇవన్నీ కాలం తినేవే. ఇంతసేపూ చెప్పాను.

"అదంతా లాయర్లు బతకడానికి," అన్నాడు నాలుగోవాడు.

దారి పక్కన ఒక పెద్దాయన ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతున్నాడు. స్టీలు గిన్నె మీద తడిగుడ్డ, దాని మీద ఒక గ్లాసు. పక్కన ఇంటరు చదివే వయసున్న మనవరాలు పొట్లాలు చుడుతోంది, ఫోనులో డబ్బులు పడ్డాయో లేదో చూస్తోంది. మా మాటలన్నీ ఆయన చెవిన పడుతూనే ఉన్నాయి. కాయలకని మేం దగ్గరికి పోగానే ఆయనే అందుకున్నాడు.

"వాయిదా అంటే ఏందో నన్నడగండబ్బోడా. పదకొండేండ్లు తిరిగినా."

"పదకొండేండ్లా!" అన్నాడు మావాడు, గెలిచినట్టు నావైపు చూసి. "చెప్పు తాతా, మా చిన్నాయనకు చెప్పు."

"తొలి బస్సుకు పోవల్ల. తొమ్మిదిన్నరకంతా కోర్టుకాడ ఉండాల. యాప చెట్టు కింద కూచోవల్ల. డఫేదారు బయటికొచ్చి పేరు మూడుసార్లు అరుచ్చాడు. ఆ అరుపు చెవిన బడకుండా రోంత అవతలికి పోయినామా, అయిపాయ, వారంటు. మావోల్ల పేర్లన్నీ పిలిచేతలికి పన్నెండయ్యేది. ఒకడు రాకున్నా వాయిదానే. జడ్జి సెలవు పెట్టినా వాయిదానే. ప్లీడర్లు బాయికాటు చేసినా వాయిదానే. ఒకతూరి జడ్జి బదిలీ అయిపాయ, కొత్తాయన వచ్చేతలికి ఎనిమిది మాసాలు. తిరిగి తిరిగి రెండెకరాలు అమ్మినా. సగంలో మా ఆడామె పాయ."

గ్లాసు నిండా కాయలు పోసి, పైన ఇంకో పిడికెడు వేసి కాగితంలో వంచాడు. చేతివేళ్లు ఉప్పునీళ్లకు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

"అట్లాంటిది గంటన్నరలో తేల్చేసింటే ఎంత బాగుండు తాతా నీకు!" అన్నాడు మావాడు. "రెండెకరాలూ మిగులుండు."

పెద్దాయన దానికి జవాబు చెప్పలేదు. నావైపు తిరిగాడు.

"ఇందాక చెప్తాంటివే సామీ, డేరాలో నలుగురని. బిడ్డల్ని సంపినోడు ఒకడు. దావలో దోచినోడు ఒకడు. కడాకు ఇద్దరు ఉండిరి గదా, తలకాయలు తీపిచ్చినాడంటివే. వాల్లేం చేసినారు?"

మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కథ విన్నవాళ్లు ఎవరూ అంతదాకా నన్ను ఆ మాట అడగలేదు.

"తెలీదు," అన్నాను. "రాసినాయనకే తెలీలేదు. వాళ్లిద్దరూ ఏం చేశారో కనుక్కోలేకపోయానని ఆయనే రాసిపెట్టాడు."

"ఆడనే కూసోని ఉండె గదా ఆయన?"

"అక్కడే ఉన్నాడు. వాళ్లతో పాటు ఆ డేరాలోనే గంటన్నర ఉన్నాడు."

"పేర్లన్నా రాసినాడా?"

"లేవు. నలుగురిలో ఎవరిదీ లేదు."

"ఉత్తరాలు అన్నీ సదివిచ్చుకోని ముద్రేసినాడంటివి. ఈ ఇద్దరిదీ రాపిచ్చలేదా నవాబు?"

"రాయించినా అది మనదాకా రాలేదు."

"ఏదో పెద్దదే చేసింటారులే తాతా," అన్నాడు చటాన్‌పల్లి పేరు ఎత్తిన పిల్లవాడు. "ఊరికే తల తీస్తారా?"

పెద్దాయన తడిగుడ్డను గిన్నె మీద సరిగా కప్పాడు.

"నూట నలబై ఏడు, నూట నలబై ఎనిమిది, మున్నూట రెండు రెడ్ విత్ నూట నలబై తొమ్మిది," అన్నాడు, ఎక్కాలు ఒప్పజెప్పినంత గడగడా.

"ఏంది తాతా అది?"

"నా కేసు. నేను ఏ ఎయిటీన్."

పిల్లలకు అర్థం కాలేదు. నాకైంది. పాత ఐపీసీ సెక్షన్లవి: 147 అల్లరిమూకలో ఉండటం, 148 మారణాయుధంతో ఉండటం, 302 హత్య. 149 వీటన్నిటికంటే పొడుగు చేతులున్న సెక్షను. మూకలో ఒకడు చేసిన హత్య, మూకలో ఉన్న ప్రతివాడూ చేసినట్టే. 2024 జులై నుంచి కొత్త సంహిత వచ్చి నంబర్లు మారాయి గానీ, సీమ పల్లెల్లో చదువు రాని ముసలివాళ్లకు కూడా ఆ పాత నంబర్లు నోటికి వస్తాయి. ఇక్కడి కక్షల్లో ఒక మనిషి చచ్చిపోతే ఫిర్యాదులో కొట్టినవాళ్ల పేర్లతో ఆగదు. అవతలి పార్టీలో ఎవరు డబ్బున్నవాడో, ఎవడికి ప్లీడరు తెలుసో, ఎవడు బయట ఉంటే కేసు నడుపుతాడో వాళ్ల పేర్లన్నీ ఎక్కుతాయి. అందుకే మూక కేసుల్లో ఒక్క సాక్షి మాట మీద నమ్మకం పెట్టుకోవద్దని, ఒక్కొక్క ముద్దాయి అక్కడ ఉన్నాడని ఇద్దరో ముగ్గురో పొంతన తప్పకుండా చెబితేనే శిక్ష వేయడం మంచిదని సుప్రీంకోర్టు 1964లోనే, మసాల్టీ కేసులో చెప్పింది. ఆ తీర్పు వచ్చింది ఉత్తరప్రదేశ్ నుంచి. మన కోర్టుల్లో దాన్ని అరిగిపోయేదాకా చదివారు.

"భూమి కేసు కాదా తాతా నీది?" అన్నాడు మావాడు. "ఎవరి మిందనో నువ్వు ఏసింటావు అనుకుంటిమే."

"నేనెయ్యలేదు నాయనా, నా మింద ఏసినారు. మా ఊర్లో మనిషిని సంపినారు. పట్టపగలు, రచ్చకట్ట కాడ. మాబావ ఈపక్క పార్టీలో తిరుగుతాండె. పద్దెనిమిది పేర్లు రాపిచ్చినారు. కడాది నాది. ఏటకొడవలి పట్టుకోని నేను ఈపున పొడిచినానని చెప్పినారు. ఒకరు గాదు, ముగ్గురు చెప్పినారు. కండ్లారా చూసినామని. ఊర్లో సగం మంది నమ్మినారు కూడా."

"నువ్వు ఆడ లేవా మరి?"

ఆయన గడ్డం ఎత్తి మనవరాలిని చూపించాడు. ఆ పిల్ల చుట్టడం ఆపి మావైపు చూసింది. ఈ కథ ఆమెకు కొత్తది కాదని ముఖంలో తెలుస్తోంది.

"ఇది పుట్టిన పొద్దు అది. నా కొడుకు అరబ్బు దేశంలో ఉండె. కోడలికి నొప్పులొస్తే పొద్దుటూరుకు ఆసుపత్రికి నేనే ఎత్తకపోయినా, మా ఆడామెను తోడు పెట్టుకోని. చేర్చిన మనిషి ఎవురని అడిగి రిజిస్టర్లో ఏలిముద్ర ఏపిచ్చుకున్నారు. పన్నెండు గంటలకు. ఆడ రచ్చకట్ట కాడ ఆయప్ప పడింది పన్నెండున్నరకు. రెండు దినాలు నేను ఆసుపత్రి గేటు దాటలేదు. ఇంటికొచ్చే బస్సు దిగుతానే పట్టుకపోయినారు. తొంబై దినాలు లోపల ఉండి బెయిలు మీద వచ్చినా."

"రిజిస్టరు చూపిస్తే అయిపోయె గదా!"

"యాడ ఉండాది అది? పాత రిజిస్టర్లన్నీ మూట గట్టి అటక మింద ఏసింటారు. మా ప్లీడరు అర్జీ పెట్టె. రాలేదు. ఇంకోటి పెట్టె. క్లర్కు బదిలీ అయిపోయినాడనిరి. తొమ్మిదో ఏట ఒక ఆయమ్మ వచ్చి, జడ్జి, నన్ను తిట్టొద్దు సామీ, ఆ జడ్జి ఆయమ్మే, ఆ రిజిస్టరు నాకు కావల్లని గట్టిగా పట్టుకొనె. తెచ్చిరి. ఏలిముద్రను హైదరాబాదుకు పంపిరి. నాదే అని వచ్చె. అప్పుడు చూసినామన్న ముగ్గుర్ని మా ప్లీడరు మల్లా నిలబెట్టి అడిగినాడు. ఒకడు తల వంచుకోని, ఈయప్పను మేం చూడలేదు సామీ, పార్టీ పేరు గాబట్టి రాపిచ్చినాం అనె. ఇంక రెండేండ్లకు తీర్పు. నన్ను ఇడిసిపెట్టినారు."

"మిగతావాళ్లు?" అన్నాను.

"ముగ్గురికి యావజ్జీవం పడె. పొడిచినోల్లే వాల్లు, అది అబద్ధం గాదు. నలుగురు తీర్పు రాకముందే సచ్చిపోయిరి. మిగతావోల్లను ఇడిసిరి." గ్లాసును గిన్నెకు తట్టి, అడుక్కు అంటిన ఉప్పు దులిపాడు. "పదకొండేండ్లు తప్పే సామీ. ఆరు మాసాల్లో తెప్పిచ్చింటే వచ్చేదే ఆ రిజిస్టరు. మా ఆడామె బతికుండంగానే తీర్పు వినేది. నేను దాన్ని మంచిదనను."

మావాడు చేతిలో పొట్లం విప్పనే లేదు. కాసేపాగి అడిగాడు, "నువ్వు ఆసుపత్రిలో ఉంటినని పట్టుకపోయిన పొద్దే వాల్లకు చెప్పలేదా తాతా?"

"చెప్పకుండా ఉంటానా? నెత్తీనోరూ కొట్టుకోని చెప్తి. ఆ డేరాలో ఇద్దరూ ఏదో ఒకటి చెప్పే ఉంటారు." పెద్దాయన ఇంకో పొట్లం చుట్టి చటాన్‌పల్లి పిల్లవాడి చేతిలో పెట్టాడు. "గంటన్నరలో పొద్దుటూరు పోయి, అటక దించి, నా ఏలిముద్ర తెచ్చేటోడు ఎవురు నాయనా?"